సంకటి గెలికే చెయ్యి

"ఆపవయ్యా నీ కోతలు! బీరు కాచే మొగోడివైతే ఈడ కాఫీ గ్లాసులు ఎందుకు కడుగుతుండావు?"

వెంగమ్మ నాతో అన్న మొదటి మాట అది. మిగతావాళ్ళ ప్రేమ కథలు ఎలా మొదలవుతాయో నాకు తెలియదు. నాది పదిమంది ముందు పరువు పోవడంతో మొదలైంది.

నలభై తొమ్మిదో సంవత్సరం, అక్టోబరు నెల. మూడు రోజులుగా వదలని ముసురు. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా శ్రీమన్నారాయణ శెట్టి గారి కాఫీ హోటల్లో నేను పనివాణ్ణి. మిలటరీ నుంచి వచ్చి మూడేళ్ళయినా ఒంటి మీద ఖాకీ చొక్కా దిగలేదు, నోట్లోంచి బర్మా కబుర్లు దిగలేదు. వాన పడితే బస్సులు ఆలస్యం. బస్సులు ఆలస్యమైతే హోటల్ నిండా జనం. జనం ఉంటే నా నోరు ఊరుకోదు.

ఆ రోజు సార్జెంటు హాకిన్స్ కథ చెబుతున్నాను. మా కంపెనీలో కంచరగాడిదల దాణాకి వచ్చిన బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి కాకుండా నలగ్గొట్టి, దిండు గలీబులో పోసి మూతి కట్టి, వేడినీళ్ళ తొట్టిలో ముంచి బీరు చేసిన కథ.

"చేసింది ఎవరు?" అని అడిగాడు ఒకాయన.

"ఇంకెవరు? మీ గోపాలయ్యే!" అన్నాను రొమ్ము మీద చెయ్యి వేసుకుని.

అప్పుడు పడింది ఆ మాట. గుమ్మం దగ్గర తడిసిన ఈతాకు బుట్టల దొంతర, దాని పక్కన ఆ అమ్మాయి. కొంగు నెత్తిన వేసుకుని, ముక్కు చివర వాన చుక్కతో నిలబడి ఉంది. చుక్క రాలుతుందేమో అని చూస్తూ జవాబు చెప్పడం మరిచిపోయాను. జనం ఇంకా నవ్వారు.

బస్సు వచ్చింది. జనం దానివైపు పరిగెత్తారు. ఆమె మాత్రం నా దగ్గరకు వచ్చింది. ఈసారి గొంతు వేరు.

"నిజంగా తెలుసునా నీకు?"

"ఎందుకు? సారా పట్టే జవాన్లకు పట్టిస్తావా?"

"మాది ఉదయగిరి. మా నాయన తిరుపాలు. చెట్లెక్కేవాడు" అంది.

ఆ ఒక్క మాటతో సగం అర్థమైంది. మా నాయన కూడా చెట్లెక్కేవాడే. మద్యనిషేధం వచ్చి రెండేళ్ళు. కల్లు గీసే ఇళ్ళల్లో కత్తులు తుప్పు పట్టాయి. తిరుపాలు అయితే చట్టం రావడానికి వారం ముందు చెట్టు మీంచి పడ్డాడు. తుంటి విరిగింది. అప్పటినుంచి మంచమే. ఇప్పుడు అన్నం కూడా లోపలికి పోవడం లేదని, నెల్లూరు డాక్టరు చేతులెత్తేశాడని, ఆమె బుట్ట అంచు గిల్లుతూ చెప్పింది.

"తాగి తూలాలని కాదయ్యా. ఆ పొంగు వినాలంట. ఒక్క గుక్క నోట్లో పోసుకొని పోతానంటాడు. చెట్టు మీద కత్తి పెడితే ఊరంతా తెలిసిపోతాది. గింజతో అయితే ఇంట్లోనే చేసుకోవచ్చు గదా! చెప్పవా?"

ఇక్కడ మీకు నిజం చెప్పాలి. హాకిన్స్ బీరులో నాకు తెలిసింది కలపడం ఒక్కటే. గింజ మొలకెత్తించింది ఆయన. నీళ్ళు కాచింది ఆయన. చివర్లో చేదుకు ఏవో ఎండు పువ్వులు, పొంగడానికి ఏదో మడ్డి వేసింది ఆయన. నేను గంటసేపు ఆ సంచిని తొట్టిలో కలిపాను, అంతే. కానీ ఆమె నన్ను డాక్టరును చూసినట్టు చూస్తోంది. ఆ చూపు ముందు 'తెలియదు' అనే మాట నాకు పెగల్లేదు.

"బార్లీ లేకపోతే మొలకెత్తిన రాగులైనా చాలు" అన్నాను ధైర్యంగా. "సంచిలో పోసి, నీళ్ళు కాచి, గంటసేపు కలపాల."

"నీళ్ళు ఎంత కాగాల?"

బస్సు హారన్ కొట్టింది. నాకు గుర్తు రాలేదు. గుర్తు రాలేదని చెప్పే మనిషినైతే ఈ కథే ఉండేది కాదు.

"కళపెళ మరగాల" అన్నాను.

ఆమె నవ్వింది. ఆ ముసురంతటికీ అదొక్కటే వెలుతురు. తడి బుట్టలు అక్కడే వదిలేసి బస్సెక్కింది.

మూడో రోజు మధ్యాహ్నం వేడినీళ్ళ తొట్టిలో గ్లాసులు వేస్తూ చెయ్యి ముంచాను. చురుక్కుమని లాగేసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. హాకిన్స్ కూడా ఇలాగే తొట్టిలో వేలు ముంచేవాడు. 'వన్, టూ' అనేవాడు, లాగేసుకునేవాడు. ఒకటి అనలేకపోతే నీళ్ళు కాగిపోయినట్టు. మూడు అనగలిగితే చల్లారినట్టు. రెండు దగ్గరే సంచి దించాలి. మరిగే నీళ్ళలో వేస్తే మొలకలోని బలం చచ్చిపోతుందని నా నెత్తిన మొట్టి మరీ చెప్పాడు.

ఉదయగిరి ఎంత దూరం? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరతాను. వెళ్ళి 'తప్పు చెప్పాను' అంటే సరిపోయేది. వెళ్ళలేదు. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకున్నాను. అసలు కారణం సిగ్గు. ఆ నవ్వు ముఖం మీద మళ్ళీ ఆ మొదటి రోజు ఎగతాళి చూడలేను అనుకున్నాను. ఎంత నీచపు లెక్కో ఇప్పుడు తెలుస్తోంది.

పదిహేను రోజులకు ఆమే వచ్చింది.

"నీ బీరు సంకటి అయింది."

"ఆఁ?"

"జిగట జిగటగా, సంచిలోంచి చుక్క కారలేదు. రెండో పూటకే పులిసి కంపు కొట్టింది. కోళ్ళు కూడా ముట్టలా." కళ్ళ కింద నల్లగా ఉంది. "మా నాయన అడుగుతుండాడు, ఇంకా పొంగలేదా పాపా అని. ఏం చెప్పేది?"

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. కానీ నా నోరు ఎప్పుడూ నాకంటే ముందు పరిగెడుతుంది.

"ఎట్టా కలిపినావు?"

"ఎట్టా ఏంది? కుండ కాళ్ళతో అదిమిపెట్టి, తెడ్డు రెండు చేతులా పట్టుకొని..."

"అదీ సంగతి! సంకటి గెలికినట్టు గెలికింటావు. అట్టా గెలికితే సంకటి కాక ఏమవుతాది?"

నిజానికి గట్టిగా కలపడం కూడా మంచిది కాదు. అంతమాత్రాన అబద్ధం నిజమవుతుందా? ఆమె తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. అరచేతిలో తెడ్డు కాయలు.

"అయితే నా చెయ్యే మా నాయన నోటికి అడ్డం పడిందన్నమాట" అంది మెల్లగా.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"మళ్ళీ రాగులు నానబోసినా" అంది కొంగుతో ముఖం తుడుచుకుని. "ఈసారి నువ్వే వచ్చి చూపియ్యి. వస్తావా?"

శెట్టి గారిని సెలవు అడిగితే, "ఎవరికిరా జబ్బు?" అన్నారు. "మా మామకు" అన్నాను. ఏ మామ అని ఆయన అడగలేదు. నేనూ ఆలోచించలేదు.

మంగళవారం ఉదయగిరిలో దిగేసరికి దుర్గం కొండ మబ్బులో సగానికి మునిగి ఉంది. ఊరి చివర పూరిల్లు. గుమ్మంలో తిరుపాలు చెల్లెలు రోశమ్మ. నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఈయనేనా మిలట్రీ? ఇంకా లావుగా ఉంటాడనుకున్నా" అంది.

లోపల నులకమంచంలో తిరుపాలు. మనిషి ఎంత పొడుగో తెలుస్తోంది గానీ, దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. చేతులు మాత్రం పెద్దవి, చెట్టు బెరడులా గరుకుగా ఉన్నాయి.

"రా మిలట్రీ. గింజ కల్లు చేస్తావంట."

"చేస్తాను పెద్దాయనా."

"చెట్టు కల్లు దానంతటదే పొంగుతాది. గింజకు మనం నేర్పాల. నేర్పుదాం లే" అన్నాడు. ఆ 'మనం' అన్నప్పుడు ఆయన కళ్ళలో కొంచెం ప్రాణం కదిలింది.

వెంగమ్మ రాగుల మొలకలు ఎండబెట్టి, తిరగలిలో బరకగా విసిరి ఉంచింది. సంచి కూడా కుట్టింది. ఆ గుడ్డ తిరుపాలు తలగుడ్డట, చెట్టెక్కేటప్పుడు కట్టుకునేది. ఉతికి ఉతికి మెత్తబడిపోయింది. సంచి నింపి మూతి కట్టాం. పెద్ద కుండలో నీళ్ళు కాగుతున్నాయి.

"ఇంకా మరగలేదు గదా?" అంది వెంగమ్మ, నేను కుండ దించుతుంటే.

"ఈ మాత్రం చాలు" అన్నాను ఆమె వైపు చూడకుండా. వేలు ముంచాను. ఒకటి, రెండు. లాగేసుకున్నాను. "నువ్వు ముంచు."

"ఒకటి, రెం... అబ్బా!" వేలు నోట్లో పెట్టుకుంది. రోశమ్మ మా ఇద్దరినీ చూసి ఊరికే దగ్గింది.

సంచి కుండలో దించి, కుండ చుట్టూ కంబళి చుట్టాం. ఇక కలపాలి. ఈ లోకంలో నాకు వచ్చిన ఒకే ఒక విద్య.

"చూడు. తెడ్డుతో పొడవకూడదు. సంచిని మెల్లగా అడుక్కి అదమాల, వదలాల. అదే పైకి వస్తాది. అప్పుడు పక్కకు దొర్లించు. మధ్యలో పొడి గడ్డ మిగలకుండా నీళ్ళు లోపలికి పోవాల. పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టు."

ఆమె తెడ్డు అందుకుంది. మూడు తిప్పులు బాగానే తిప్పింది. నాలుగోసారికి మోచేయి లేచింది, నడుం వంగింది, కుండ కదిలింది.

"మేయ్, సంకటి!" అన్నాను.

"ఏం చేసేది, పుట్టినప్పటినుంచి ఈ చెయ్యి అదే గెలికింది!"

"ఇట్టా ఇయ్యి." తెడ్డు పట్టుకున్నాను. ఆమె వదల్లేదు. పైన ఆమె చెయ్యి, కింద నా చెయ్యి. సంచి అడుక్కి పోయింది, తేలింది, దొర్లింది. తీపి వాసన ఇల్లంతా నిండింది. బయట సన్నగా వాన.

మంచంలోంచి గొంతు వచ్చింది. "ఎవరు కలుపుతుండారు ఇప్పుడు?"

"నేనే నాయనా" అంది వెంగమ్మ.

"కాదు. నువ్వు కలిపితే దబదబ అంటాది. మిలట్రీ కలిపితే నసుగుతాది. ఇది రెండూ కాదు."

ఇద్దరం తెడ్డు వదిలేశాం. తెడ్డు కుండలో పడిపోయింది. రోశమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తిరుపాలు కూడా నవ్వాడు, నవ్వు దగ్గయి చాలాసేపు ఆగలేదు. వెంగమ్మ పరిగెత్తి వెళ్ళి వీపు రాసింది. నేను కుండలోంచి తెడ్డు తీస్తూ ఆమె వైపు చూడలేకపోయాను.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో ఎర్ర టోపీ కనబడింది. హెడ్ కానిస్టేబుల్ నారాయణయ్య.

"ఏందీ వాసన?"

తిరుపాలే చెప్పాడు. "జావ, అయ్యా. రోగిష్టోడి జావ."

"సంచిలో పెట్టి కాస్తారా జావ?"

"పిప్పి పంటికి తగులుతుండాది. నాకు నమిలే శక్తి యాడుంది?"

నారాయణయ్య గ్లాసు తీసుకుని కుండలో ముంచాడు. తాగాడు. తియ్యగా ఉంది. అప్పటికి అది నిజంగా జావే మరి! ఇంకో గ్లాసు ముంచుకుని, వాన తగ్గేదాకా మంచం పక్కన కూర్చున్నాడు. ఒకప్పుడు తిరుపాలు కల్లు తాగిన మనిషే అని ఆ కూర్చోవడంలోనే తెలిసింది. లేస్తూ అన్నాడు. "పులవకుండా చూసుకో తిరుపాలూ. పులిస్తే నాకు పని పెడతావు."

ఆయన వెళ్ళాక సంచి ఎత్తి వాసానికి వేలాడదీశాం. ఆఖరి చుక్క దాకా కారింది. ఆ నీళ్ళు కాచి, తిరుపాలు చెప్పినట్టు చేదుకు నేలవేము వేశాం. చల్లారాక మడ్డి ఎక్కడ తేవాలో నాకు తెలియక నీళ్ళు నములుతుంటే, ఆయన పైకి చెయ్యి చూపించాడు. అటక కింద ఉట్టిలో నల్లటి పాత లొట్టి. ఇరవై ఏళ్ళు కల్లు దింపిన కుండ.

"అది ఎండినా చావదు. దాంట్లో పొయ్యి" అన్నాడు.

పోసి, మూతికి గుడ్డ కట్టి, ఆయన తల పక్కనే పెట్టాం. మర్నాడు పొద్దున ఆయన మంచం అంచుకు జరిగి లొట్టికి చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. వెంగమ్మ నా చొక్కా చెయ్యి పట్టుకుంది, తనకు తెలియకుండానే.

"చీమలు నడుస్తుండాయి" అన్నాడు తిరుపాలు. కళ్ళలోంచి నీళ్ళు చెవిలోకి కారాయి. "పొంగుతుండాది పాపా! పొంగుతుండాది అల్లుడా!"

అల్లుడా. వెంగమ్మ నా చొక్కా వదిలేసింది, మళ్ళీ పట్టుకుంది.

సాయంత్రానికి ఆయనకు ఆయాసం ఎక్కువైంది. వెంగమ్మ గ్లాసుతో కొంచెం తీసి నోటి దగ్గర పెట్టింది. "తాగు నాయనా, ఒక్క గుక్క."

ఆయన మూతి తిప్పుకున్నాడు. "పచ్చిది. ఇంకా మూడు దినాలు కావాల."

"ఇప్పుడే తాగు నాయనా, నా మాట విను!"

"ఒక్కడికి కూడా పచ్చిది పొయ్యలేదు పాపా, నా చేత్తో. నేను తాగితే చెట్టెక్కినోళ్ళు నవ్వుతారు. ఆగుదాం."

ఆగలేకపోయాడు. గురువారం పొద్దున, లొట్టి మీద చెయ్యి ఉండగానే వెళ్ళిపోయాడు.

మూడు దినాలు. నా అబద్ధం తినేసినవి పదిహేను. ఈ లెక్క ఎవరూ నాకు చెప్పనక్కరలేదు. గుంత తవ్వుతున్నంతసేపూ అదే తిరిగింది బుర్రలో. వెంగమ్మ మాత్రం ఏడుస్తూ రోశమ్మతో ఒకటే మాట అంటోంది. "మొదటిసారి సరిగ్గా కలిపింటే తాగిపొయ్యేవాడత్తా. ఈ చెయ్యే చేసింది. ఈ చెయ్యే."

శనివారం చిన్నదినం, పోయిన మూడో రోజు కర్మ. సమాధి దగ్గర ఆకులో అన్నం, కూర, ఆయనకు ఇష్టమైన ఎండుచేప పెట్టారు. పక్కకు జరిగి కాకి కోసం నిలబడ్డాం. పది మంది చుట్టాలు, కాస్త దూరంగా మామూలు పంచెలో నారాయణయ్య. తుమ్మచెట్టు మీద రెండు కాకులు ఉన్నాయి. దిగలేదు.

ఎంతసేపు చూసినా దిగలేదు. మబ్బు కమ్ముకొస్తోంది.

"ఏదో కోరిక ఉండిపోయింది" అన్నారు ఎవరో. "చెప్పండ్రా ఏదో ఒకటి, తీరుస్తామని."

రోశమ్మ ఇంటికి పోయి కొంగు కింద చెంబు తెచ్చింది. వెంగమ్మ గుడ్డ విప్పి దొప్పలో పోసింది. తెల్లగా నురగ లేచింది. రెండేళ్ళయింది ఆ ఊళ్ళో అలాంటి నురగ చూసి. నారాయణయ్య అటు తిరిగి కొండ వైపు చూడటం మొదలుపెట్టాడు.

కాకులు దిగలేదు.

"నా చేతి తప్పు, నాయనా" అంది వెంగమ్మ, ఆ కుడిచెయ్యి ముందుకు చాపి. "నేను గెలికి పాడుచేసినా. మన్నించు, వచ్చి తిను."

ఇక నిలబడలేకపోయాను. ఆమెను దాటి ముందుకు వెళ్ళాను.

"ఆమె చెయ్యి కాదు మామా!" గట్టిగా అరిచాను, కాకులకా ఆయనకా తెలియదు. "నీళ్ళు మరగాలని చెప్పింది నేను. నాకు తెలీకుండానే చెప్పినా. మూడు రోజులకు గుర్తొచ్చింది, అయినా బస్సెక్కి రాలా. సిగ్గేసింది. సంకటి అయిందని ఆమె వస్తే, నువ్వు గెలికినావు గనక అని ఆమె మీదికే తోసినా. నీ నోటి దగ్గర గుక్క తీసేసింది నేనే. నన్ను మన్నించినా లేకున్నా, ఆమె చెయ్యి మాత్రం మంచిది మామా."

వెనక్కి తిరిగి చూడటానికి భయమేసింది. కానీ చూశాను.

వెంగమ్మ నన్ను చూస్తోంది. మొదటి రోజు గుమ్మంలో చూసినట్టు కాదు, డాక్టరును చూసినట్టూ కాదు. ఎంతకీ కన్ను ఆర్పలేదు. తర్వాత తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని మెల్లగా రుద్దుకుంది, చాన్నాళ్ళ నొప్పి ఒకటి దిగినట్టు.

"అయితే నేను కాదా?" అంది.

"కాదు."

ఆమె సమాధి వైపు తిరిగింది.

"విన్నావు గదా నాయనా. ఈయన్ను నువ్వు తిట్టబాకు. నాకు వదిలిపెట్టు. నేను తిడతా. రోజూ తిడతా." పదిమందీ వినేలా అంది. "ఇంట్లో పెట్టుకొని తిడతా."

తుమ్మకొమ్మ ఊగింది. ఒక కాకి దిగింది. అన్నం చుట్టూ గెంతింది, ఎండుచేపను చూసి వదిలేసింది. దొప్పలో ముక్కు ముంచింది. తల అడ్డంగా, గట్టిగా విదిలించింది. అది మళ్ళీ ముంచింది.

"నచ్చలేదు. అయినా తాగుతుండాడు" అంది రోశమ్మ, ఏడుపూ నవ్వూ కలిపి.

చినుకులు మొదలయ్యాయి. చుట్టాలు ఒక్కొక్కరే కదిలారు. వెంగమ్మ ఖాళీ చెంబు నా చేతిలో పెట్టి, "పట్టుకో" అంది. ఇద్దరం వానలో ఊళ్ళోకి నడిచాం. ఇల్లు చేరేదాకా తిడుతూనే ఉంది. నేను చెంబు పట్టుకుని వింటూ నడిచాను.